లేకపోతే మీ అమ్మమ్మని

జీవరత్నం ఆ ఇంటి అరుగు మీద మొదటిసారి కాలు పెట్టిందే కోపంతో. చంకలో గొడుగు, ఎండకి కందిపోయిన మొహం. వెనక అతని కూతురు దయామణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

ఎలీశమ్మకి ఆ నవ్వు కనిపించలేదు. కోపమే కనిపించింది. బస్సు మీద రాళ్ళు పడ్డాయేమో, కొడుకు తలకి తగిలిందేమో, దవాఖానలో పడి ఉన్నాడేమో, అన్నీ రెప్పపాటులో కళ్ళ ముందు తిరిగాయి. కొడుకు యోబు సిటీ బస్సు కండక్టరు. తెలంగాణ ఉద్యమంతో ఊరంతా అట్టుడుకుతున్న అరవై తొమ్మిదో సంవత్సరంలో, బస్సు కండక్టరు తల్లికి ఇంతకంటే మంచి ఆలోచనలు ఎక్కడినుంచి వస్తాయి?

"ఏమాయె సారు? ఎవరికేమాయె?"

"నాకే అయిందమ్మా," అంటూ అరుగు మీద కూలబడ్డాడు జీవరత్నం. "సుందరయ్య పాస్టరు గారు పంపించారు, మీ ఇంట్లో ఓ వాటా అద్దెకుందని. అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు మంచినీళ్ళిప్పించండి. ఆ బస్సు కండక్టరు మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో కూడా చెప్పండి."

ఎలీశమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"దిల్‌సుఖ్‌నగర్‌కి రెండు టిక్కెట్లిమ్మన్నాను. చిల్లర లేక పెద్ద నోటిచ్చాను. అంతే నేను చేసిన నేరం. వాడు ఆ నోటు వంక చూసి, మా బాపట్ల మాట ఎలా ఉంటుందో అచ్చం అలాగే సాగదీసి, 'మా తాతగారు ఇలా చెయ్యలేదు గనకే పోయారండీ' అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. మాది కోస్తా అని కనిపెట్టి, మా యాసని వెక్కిరించడం కాకపోతే ఏవిటది?"

అది వెక్కిరింత కాదని ఆ అరుగు మీద ఇద్దరికి తెలుసు. ఆ ఏడు మలక్‌పేటలో వారాల తరబడి ఆడిన ఒక సినిమాలో ప్లీడరు గుమాస్తా వేషం వేసిన హాస్యగాడు, ఇల్లు తగలబడినా, పిల్ల పుట్టినా, కోర్టులో కేసు ఓడినా అదే మాటంటాడు. మంగలి షాపులో, చాయ్ హోటల్లో, ఎవరి నోట విన్నా అదే. జీవరత్నం సినిమా హాలు సాతాను కొంప అనుకునే మనిషి కాబట్టి అతనికి తెలియదు. ఎలీశమ్మ కూడా సినిమా మొహం ఎరగదు గానీ, కొడుకు పుణ్యమా అని బొమ్మ మొత్తం చెవులతో చూసేసింది. దయామణి మాత్రం చర్చిలో పాటల ప్రాక్టీసని తండ్రికి చెప్పి, స్నేహితురాలితో వెళ్ళి కళ్ళారా చూసింది. అది సినిమా మాట నాన్నా అని చెప్పాలంటే, నీకెలా తెలుసనే ప్రశ్న వస్తుంది. అందుకే ఆ కొంగు అలా నోటికి అడ్డం ఉంది.

ప్రభువా, వాడు ఇప్పుడు రాకూడదు, అని ప్రార్థించింది ఎలీశమ్మ.

వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజానికి తోలు సంచి. అరుగు మీద జీవరత్నాన్ని చూశాడు, దయామణిని చూశాడు, మళ్ళీ దయామణిని చూశాడు.

"నువ్వా? నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?" జీవరత్నం లేచి నిలబడ్డాడు.

"నన్నడిగితే చెప్పను, అడక్కపోతే ఊరుకోను," అన్నాడు యోబు. అది కూడా ఆ గుమాస్తాదే.

ఎలీశమ్మ ఆ మంచినీళ్ళ చెంబు తనే ఎత్తి తాగేసింది.

* * *

అయినా జీవరత్నం ఆ వాటాలోనే దిగాడు. అంతకుముందున్న పేటలో గొడవలు ఎక్కువై, ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ప్రాణం అరచేతిలో ఉండేది. ఇక్కడ ద్రాక్షతోటల పక్కన నాలుగిళ్ళు, పాస్టరు గారి మాట సాయం. భార్య బాపట్లలో మంచం పట్టిన తన తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. ఇక్కడ వండిపెట్టేది కూతురే.

కండక్టరుతో మాత్రం మాట్లాడనని మొదటిరోజే చెప్పేశాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గోడకి చెప్పేవాడు. "ఆ సైకిలు దారిలోంచి తీస్తే బావుండును," అనేవాడు గోడతో. గోడకి ఇవతల నుంచి యోబు "మా తాతగారు ఇలా చెయ్యలేదు గనకే పోయారు" అంటూ సైకిలు తీసేవాడు.

ఎలీశమ్మకి విసుగొచ్చి విసుగొచ్చి, విసుక్కోవడం కూడా విసుగైపోయింది. ఆమె ఆయాగా పనిచేసే బడి గొడవల వల్ల మూతపడింది. ఇంట్లో కూర్చుని భయపడటం తప్ప పని లేదు.

"కొడుకా, ఇయ్యాల బస్సులు నడుస్తయా?"

"నన్నడిగితే చెప్పను..."

"నీ నోట్ల మన్ను పడ. నువ్వు పానంతోని ఇంటికొస్తవో రావో అని నేను సస్తుంటే నీకు సినిమాలు గావాలె. పిలగాండ్లు అడిగేదాంట్ల తప్పు లేదు, గని వాండ్లేసే రాయికి నువ్వు నా కొడుకువని తెలుస్తదా?"

అడిగి లాభం లేదని, అతని టోపీ లోపల దూది దట్టించి గుడ్డ వేసి కుట్టేసింది. రాయి పడితే తలకి దెబ్బ తగలకూడదని ఆమె ఏర్పాటు. టోపీ పెట్టుకుంటే యోబు తల గుమ్మడికాయంత అయింది.

బావి దగ్గర నీళ్ళు తోడుతున్న దయామణి ఆ టోపీని చూసి చేద వదిలేసింది.

"ఏం కండక్టరు గారూ, రాత్రికి రాత్రే తెలివి పెరిగిందా?"

"మా తాతగారు ఇలా చెయ్యలేదు గనకే పోయారండీ."

ఈసారి ఆ మాట సరిగ్గా అతికింది. దయామణి బావి గట్టు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినాలని యోబు రోజూ బావి దగ్గర ఏదో ఒక పని కల్పించుకోవడం మొదలుపెట్టాడు. ఎలీశమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ, ఆ తండ్రి బయటికొస్తే ఏమవుతుందోనని బియ్యంలో రాళ్ళు ఏరడం మరిచిపోయేది.

"మీకు సొంత మాటలు లేవా అసలు?" అని అడిగింది దయామణి ఒకరోజు.

"ఉన్నయ్. దాచిపెట్టిన."

"ఎందుకు?"

"మంచియి ఎవరన్న రోజూ వాడుతరా?"

"అయితే ఎప్పుడు బయటికి తీస్తారు?"

మామూలుగా అయితే ఏదో ఒక డైలాగు పడాల్సిన చోట ఏమీ పడలేదు. కిటికీ దగ్గర ఎలీశమ్మ బియ్యం చేట పక్కన పెట్టేసింది. డైలాగు లేని కొడుకుని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ద్రాక్షతోటల మీదుగా అడ్డంగా కొట్టే వాన. దయామణి కొంగు తల మీద కప్పుకుని బిందె కోసం పరుగెత్తుకొచ్చింది. యోబు అప్పటికే బిందె నింపి చూరు కింద పట్టుకుని నిలబడ్డాడు. బిందె ఆమెకి అందిస్తూ అన్నాడు.

"పెళ్ళంటూ చేసుకుంటే నిన్నే..."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగడమే అతని కొంప ముంచింది.

ఎందుకంటే సినిమాలో ఆ గుమాస్తా, వంటమనిషి కూతురి ముందు మోకాలి మీద కూర్చుని, "పెళ్ళంటూ చేసుకుంటే నిన్నే, లేకపోతే మీ అమ్మమ్మని" అంటాడు. హాలంతా పడీ పడీ నవ్వే ఘట్టం అది.

"లేకపోతే మీ అమ్మమ్మని," అని అందుకుంది దయామణి. "అంతేగా? మా అమ్మమ్మ బాపట్లలో ఉంది. పళ్ళు లేవు, చెవుడు. అయినా అడిగి చూస్తాను, సంబంధం మంచిదేగా." నవ్వుతూ బిందె నడుం మీద పెట్టుకుని వానలో పరుగెత్తింది.

యోబు చూరు కింద నుంచి బయటికి వచ్చి వానలోనే నిలబడిపోయాడు.

కిటికీలో ఎలీశమ్మకి మాత్రం అర్థమైంది. ఆ మాటని కొడుకు వందసార్లు ఇంట్లో అన్నాడు, ఎప్పుడూ ఒక్క గుక్కలో. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చిందంటే అది సినిమా మాట కాదు. ప్రభువా, గిదేం పరేషాన్ తెచ్చిపెట్టినవ్, అనుకుంది. కోస్తా పిల్ల, ఆ తండ్రి కోపం, బయట ఈ గొడవలు, వీడి నోరు. ఆ పిల్లకి అర్థం కాకపోవడమే మేలని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకుంది గానీ, వానలో తడుస్తున్న కొడుకుని చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

* * *

ఆ రోజు నుంచి యోబు నోరు మూతపడింది.

"బస్సులు నడుస్తయా కొడుకా?"

"నడుస్తయ్."

"జల్ది వస్తవా?"

"వస్త."

ఎలీశమ్మ కొడుకు నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది. టోపీ తీసి తల మీద బొప్పి ఉందేమో వెతికింది. ఇన్నాళ్ళూ ఏ నోరు మూసుకోమని తిట్టిందో, ఆ నోరు మూసుకునేసరికి ఇల్లు పాడుబడినట్టయింది. గోడ అవతల జీవరత్నం కూడా, "సైకిలు దారిలో ఉంది," అని గోడతో చెప్పి, జవాబు రాకపోయేసరికి కాసేపు అక్కడే నిలబడటం ఆమె విన్నది.

ఓ మధ్యాహ్నం దయామణి కూర గిన్నె పట్టుకుని వచ్చింది.

"పిన్నిగారూ, మీ అబ్బాయికి ఒంట్లో బాలేదా?"

"ఎందుకు బిడ్డా?"

"నిన్న బస్సులో టిక్కెట్టిచ్చాడు, చిల్లరిచ్చాడు, వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు."

"మంచిదే గద."

"మంచిదేనండీ," అంది దయామణి. అంది గానీ కదల్లేదు. గిన్నె మీద మూత తీసి మళ్ళీ పెట్టింది. "నేనేమైనా అన్నానా?"

గా దినం వాడన్నది సినిమాది కాదు బిడ్డా, అనే మాట ఎలీశమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో కూడా వెంటనే వచ్చింది. ఈ పిల్ల ఏడుస్తుంది, తండ్రి గొడుగు పట్టుకుని వస్తాడు, పాస్టరు గారు పంచాయితీ పెడతారు. "కూర మంచిగున్నది," అంది చూడకుండానే.

ఆ రాత్రి భోజనాల వేళకే జీవరత్నం వచ్చి చెప్పాడు. బాపట్లకి బదిలీ అయింది. శనివారం లారీ వస్తుంది. "అక్కడికెళ్ళాక అమ్మాయికి సంబంధం చూసెయ్యాలి. ఇక ఈ వైపు రావడం ఉండదమ్మా." ఈసారి గోడతో కాదు, ఎలీశమ్మతోనే చెప్పాడు. లోపల యోబు కంచంలో అన్నం కలుపుతూ కలుపుతూ ఉండిపోయాడు.

* * *

శనివారం పొద్దున్న లారీ ఎక్కే ముందు ఎలీశమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. విజయవాడ రోడ్డు మీద ఎక్కడో పిల్లలు బండ్లు ఆపుతున్నారని విన్నది. ఈ తండ్రీకూతుళ్ళు నోరు తెరిస్తే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది. అందుకని ఎల్బీనగర్ దాటేదాకా తను కూడా వస్తానంది.

"ఎవరన్న అడిగితే నేను మాట్లాడుత. మీరు నోరు తెరవకుండ్రి సారు. నువ్వు గూడ బిడ్డా."

ఆమె డ్రైవరు పక్కన తండ్రీకూతుళ్ళతో ఇరుక్కుని కూర్చుంది. యోబు వెనక ట్రంకుపెట్టెల మీద. దారంతా ఎలీశమ్మ చెప్పాల్సిన ముక్క వల్లెవేసుకుంది. మాదే బిడ్డా సామాను, చుట్టాలింటికి పోతున్నం. మాదే బిడ్డా సామాను.

ఎల్బీనగర్ దగ్గర రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు, ఓ ఎడ్లబండి. కుర్రాళ్ళు జై తెలంగాణ అంటూ లారీ చుట్టూ మూగారు. అందరూ యోబు వయసువాళ్ళే, ఎండకి మొహాలు వాడిపోయి ఉన్నాయి. వీళ్ళ తల్లులు ఏ కిటికీల్లో కూర్చుని ఏడుస్తున్నారో అనుకుంటూ ఎలీశమ్మ కిందికి దిగింది. జీవరత్నం కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థనలోకి వెళ్ళిపోయాడు.

"ఇయ్యాల బంద్ అని తెల్వదా అమ్మా? లారీ ఎందుకు తీస్కొచ్చినవ్?"

ఎలీశమ్మ నోరు తెరిచింది. వల్లెవేసిన ముక్క మాయమైంది. సామాను గుర్తు రాలేదు, చుట్టాలు గుర్తు రాలేదు. ఆ భయంలో, రోజూ విని విని లోపల పేరుకుపోయిన మాటే బయటికి వచ్చింది.

"మా తాతగారు ఇలా చెయ్యలేదు గనకే పోయారండీ."

అందరూ బిత్తరపోయారు. తను ఏమన్నదో అప్పుడు తెలిసి ఎలీశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయిపోయింది, ఇక రాళ్ళే, అనుకుంది.

ఒకడు ఫక్కున నవ్వాడు. తర్వాత ఇంకొకడు. నవ్వు లారీ చుట్టూ తిరిగి వెనకదాకా పోయింది. అక్కడ ఒకడు కేక పెట్టాడు. "అరే, గీయన మన కండక్టరన్న. గామె గీయన అమ్మే అయ్యుంటది. అన్నా, నువ్వొకటి చెప్పు."

"చెప్ప," అన్నాడు యోబు పెట్టె మీద నుంచి.

"ఎందుకు?"

"బంద్ పెట్టిన."

"మేం రోడ్డు బంద్ పెడితే నువ్వు నోరు బంద్ పెట్టినవా? గట్ల నడవదు. చెప్తెనే దిగనిస్తం."

యోబు పెట్టెల మీద నుంచి దూకాడు. తిన్నగా ముందుకి నడిచి, దయామణి కూర్చున్న వైపు కిటికీ దగ్గర ఆగాడు. దూది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎలీశమ్మ అటు రెండడుగులు వేసింది. వద్దు కొడుకా, ఇంతమందిల వద్దు, అనబోయింది.

"పెండ్లంటు జేసుకుంటే నిన్నే," అన్నాడు.

సినిమా మాటలో కాదు. తన మాటలో. అని ఆగాడు.

గుంపంతా ఒక్క గొంతుతో, "లేకపోతే మీ అమ్మమ్మని," అని అరిచింది.

యోబు చెయ్యెత్తాడు. "గది సినిమాది. ముందుగాలది నాది."

దయామణి మొహంలో నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది. "మరి ఆ రోజు వానలో అన్నది?"

"అది గూడ నాదే."

"చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పనిచ్చినవా? ఊపిరి తీస్కునేలోపు మీ అమ్మమ్మ పండ్లకాడికి పోతివి."

జీవరత్నం ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాడు. "మా అత్తగారి పళ్ళ సంగతి ఇక్కడెందుకు? ఏవిటిదంతా? ఏ సినిమా? దయా, నీకెలా తెలుసు?"

"చూశాను నాన్నా. పాటల ప్రాక్టీసని చెప్పిన రోజు."

"అంటే, తాతగారు పోయారన్నదీ..."

"అదీ సినిమాదే నాన్నా. మిమ్మల్ని కాదు."

జీవరత్నం యోబు వైపు తిరిగాడు. ఇన్ని నెలల్లో అతని మొహం చూసి మాట్లాడటం ఇదే మొదలు. "నువ్వు మా యాసని వెక్కిరించలేదా?"

"మీ యాస నాకెక్కడిది సారు? సినిమాల నేర్చుకున్న. మీ బిడ్డ మాట్లాడుతుంటే ఇంకొంచెం నేర్చుకున్న."

ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్ళు చేతులు కట్టుకుని జీవరత్నం వంక చూస్తున్నారు. "మరేమంటరు సారు?" అన్నాడు ముందున్నవాడు.

ఎలీశమ్మ కళ్ళు మూసుకుంది. గొడుగు ఎక్కడుందో చూడాలనుకుని కూడా చూడలేదు.

జీవరత్నం చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే చెప్పను," అన్నాడు.

మిగతాది వినబడలేదు. రోడ్డంతా ఈలలు. గోడ అవతల కూర్చుని ఇన్నాళ్ళూ అతను నేర్చుకున్నది ఇదన్నమాట. ఎలీశమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఇంట్లో ఒక్కడితోనే వేగలేక చస్తుంటే, ఇది ఇప్పుడు పెద్దవాళ్ళకి కూడా అంటుకుంది.

"లారీ మాత్రం ఇయ్యాల పోదు సారు," అన్నాడు ఆ కుర్రవాడు, కాస్త మొహమాటంగా.

"పోవద్దులే బాబూ. తిప్పమను."

దయామణి లారీ తలుపు తెరిచి, సర్దుకుని, పక్కన చోటిచ్చింది. యోబు వైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అత్తయ్యగారూ, ఎక్కండి. ఎండలో ఎంతసేపు నిలబడతారు?"

ఎలీశమ్మ ఒక కాలు లారీ మీద పెట్టి ఆగిపోయింది. ఆ పొద్దున్న లారీ ఎక్కేదాకా పిన్నిగారే. కిటికీ దగ్గర యోబుకి కూడా ఆ మాట వినపడింది. టోపీ తల మీద పెట్టబోయి, మట్టిలో జారవిడిచాడు.

* * *

చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. మూడుసార్లూ ఎవరూ అడ్డు చెప్పకపోతేనే పెళ్ళి. మొదటి రెండు ఆదివారాలూ ఎలీశమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. మూడోది గడిస్తే చాలు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు కాబట్టి, కొడుకు పక్కన కూర్చుని వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టే వీలు లేదు. ఆ పని జీవరత్నానికి అప్పజెప్పింది. బదిలీ రద్దు చేయించుకున్న ఆ మనిషి ఇప్పుడు అల్లుడి భుజం మీద చెయ్యి వేసుకుని, అవసరమైతే ఆ చెయ్యి పైకి జరపడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

ఎలీశమ్మకి ఒక పక్క దయామణి. ఇంకో పక్క, తల్లితో పాటు బాపట్ల నుంచి దిగిన అమ్మమ్మ. కాస్త కోలుకుంది, పళ్ళు మాత్రం రాలేదు.

"వీరి వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను," అన్నాడు సుందరయ్య పాస్టరు.

యోబు నోరు మెదపలేదు. ఎవరూ దగ్గలేదు కూడా. ఎలీశమ్మ మెల్లగా ఊపిరి వదలబోయింది.

పక్కన అమ్మమ్మ చెయ్యి పైకి లేచింది.

ఎలీశమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగబోయింది. తను భయపడ్డవాటిలో ఏదీ ఇంతవరకూ జరగలేదు, అన్నీ కలిసి ఇప్పుడు జరగబోతున్నాయి.

చెవుడున్నవాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో అమ్మమ్మ అడిగింది. "కుదరకపోతే నన్ను చేసుకుంటానన్నాడట గదయ్యా ఈ అబ్బాయి? మరి నా సంగతేం చేశారు?"

పాస్టరు గారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జీవరత్నం చెయ్యి భుజం మీద నుంచి పైకి జరిగింది గానీ, నవ్వుతో ఊగిపోతున్న అతనికి అల్లుడి నోరు దొరకలేదు. దయామణి ఎలీశమ్మ భుజంలో మొహం దాచేసుకుంది.

ఎలీశమ్మ మాత్రం రెండు చేతులతో కొంగు నోటికి గట్టిగా అదిమిపెట్టుకుంది. లోపల్నుంచి ఒక మాట తన్నుకుని వస్తోంది. వాళ్ళ తాతగారు ఇలా చెయ్యలేదు గనకే...

ప్రభువా, దేవుని మందిరంలనన్న నా నోరు ఆపు, అని ప్రార్థించింది.